పోకర్ బల్ల దగ్గర మన మూడు ముక్కలాట బుద్ధులు

"అన్నా, లాంగ్ వీకెండ్‌కి వేగాస్ వెళ్తున్నాం, అక్కడ ఒక చిన్న పోకర్ టోర్నమెంట్ ఆడదామనుకుంటున్నాం, ఏమన్నా చెప్తావా" అని ఏటా ఎవరో ఒక కొత్త తమ్ముడు అడుగుతూనే ఉంటాడు. ఆట నేర్పమంటే మాత్రం నా వల్ల కాదు, పదిహేనేళ్ళుగా అప్పుడప్పుడూ ఆడుతున్నా నాకే సరిగ్గా రాదు. చెప్పగలిగింది ఒకటే, ఆ బల్ల దగ్గర చెత్తగా ఆడితే మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు, పైగా లోపల్లోపల సంతోషిస్తారు. తిట్టు పడేది పద్ధతి తెలియక, అది కూడా ఎక్కువగా సంక్రాంతి సెలవుల్లో అరుగు మీద ఆడిన మూడు ముక్కలాట అలవాట్లని ఇక్కడికి మోసుకొచ్చినందుకు.

నా మొదటి టోర్నమెంట్ సంగతే చూడండి. చేతిలో రెండు ఆసులు. బ్లైండ్స్, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టే పందేలు, 100-200. గట్టిగా పెంచుదామని నోరు మెదపకుండా, సినిమా హీరోలా 5,000 చిప్ ఒకటి ముందుకు తోశాను. డీలర్ ప్రశాంతంగా "కాల్" (ఉన్న పందేనికి సరిపెట్టడం) అని 4,800 వెనక్కిచ్చాడు. ముందుగా "రైజ్" అని నోటితో చెప్పకుండా ఒక్క పెద్ద చిప్ పెడితే అది కాల్ కిందే లెక్క, ఎంత పెద్ద చిప్పయినా సరే. అంత చవగ్గా ఉంటే ఎవడు వదులుతాడు, వెనకాల నలుగురు వచ్చేశారు, అందులో ఒకాయన ఏడూ నాలుగుతో రెండు జతలు చేసుకుని నన్ను ఇంటికి పంపించాడు. అలాగే "నీ ఐదొందలు చూస్తున్నా... ఆపైన ఇంకో వెయ్యి" అని తెర మీద చూసిన డైలాగు కొట్టకండి. "చూస్తున్నా" అంటే కాల్ అన్నట్టే, అక్కడే మీ మాట అయిపోయింది, ఆ వెయ్యి చెల్లదు. చిప్స్ రెండు మూడు విడతలుగా తోసినా అంతే, ఒకేసారి పెట్టాలి, లేదంటే ఎంతకు పెంచుతున్నారో ముందే నోటితో చెప్పాలి.

ముక్కల్ని గుండెకి ఆనించి పట్టుకోవడం, పక్కవాడికి చూపించి కళ్ళెగరేయడం కూడా అరుగు అలవాట్లే. ఇక్కడ ముక్కలు బల్ల మీదే ఉండాలి, అంచులు మాత్రం ఎత్తి చూసుకుని పైన ఒక చిప్ పెట్టుకోవాలి. మా స్నేహితుడొకడు చివరి ముక్క పడ్డాక అవతలివాడు "స్ట్రెయిట్" (వరసగా ఐదు ముక్కలు) అనగానే ఛీ అని తన ముక్కలు బోర్లా డీలర్ వైపు విసిరేశాడు. అవతలాయన తీరిగ్గా ముక్కలు తెరిస్తే స్ట్రెయిట్ లేదు గిట్రెయిట్ లేదు, ఒక ముక్క తక్కువైంది, ఉన్నది ఒట్టి జత. మావాడి దగ్గర రెండు జతలుండేవి. ఉండేవి, విసిరేసేదాకా. అవతలివాడు ఏమన్నాడనేది కాదు, తెరిచిన ముక్కలు ఏం చెబుతున్నాయనేదే లెక్క కాబట్టి, ఆయన ముక్కలు కళ్ళారా చూసేదాకా మీవి వదలొద్దు.

ఇక తెలుగు. అమెరికా క్యాసినోల్లో ఒక చెయ్యి, అంటే ఒక పంపకం ఆట, నడుస్తున్నంతసేపూ బల్ల దగ్గర ఇంగ్లీషు తప్ప వేరే భాష మాట్లాడకూడదు. ఒకసారి ఇద్దరు బావా బావమరుదులు ఒకే బల్ల మీద పడ్డారు. "బావా, వీడి దగ్గర ఏం లేదు, తొక్కెయ్" అని ఒకడు, "అయ్యో నేను పారేసింది ఆ ఎనిమిదే" అని ఇంకొకడు. డీలర్ ఒకసారి చెప్పాడు, రెండోసారికి ఫ్లోర్ మేనేజర్‌ని పిలిచాడు, ఇద్దర్నీ ఒక రౌండ్ బయట నిలబెట్టారు. మనం లేచి నిలబడ్డా మన చిప్స్‌లోంచి బ్లైండ్స్ పోతూనే ఉంటాయి మరి. అసలు కామెడీ ఏమిటంటే, మూలన టోపీ, నల్లకళ్ళద్దాలతో గంటసేపు ఉలకని పలకని మనిషి వాళ్ళిద్దరి చిప్స్ ఊడ్చేశాక, వెళ్ళేవాళ్ళని మెల్లగా అడిగాడు, "ఏ ఊరు బాబూ మీది?"

ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళేవాళ్ళు ఇంకో మాట వినండి. "మనలో మనకెందుకులే" అని ఒకరి మీద ఒకరు పందెం పెంచకుండా ఊరుకోవడం మనకి మర్యాద, ఇక్కడ కుమ్మక్కు. అందరి డబ్బూ ఉన్న ఆట కాబట్టి టోర్నమెంట్ నుంచే పంపించేయొచ్చు.

అన్నిటికంటే పాపం, గెలిచే ముక్కలు చేతిలో పెట్టుకుని ఓడిపోతున్నట్టు నటించడం. దీన్ని స్లో రోల్ అంటారు. మనూరి పెద్దాయన ఒకాయన, ఎదుటివాడు ఆల్‌ఇన్ (ఉన్న చిప్స్ అన్నీ పందెం) అన్నాక, తన ముక్కల్ని మించినవి ఎవరి దగ్గరా ఉండవని తెలిసి కూడా, అర నిమిషం తల పట్టుకుని, నిట్టూర్చి, ఒక్కో ముక్కా నెమ్మదిగా తిప్పాడు. సంక్రాంతికి ఊళ్ళో అయితే ఈలలు పడేవి. ఇక్కడ బల్లంతా మొహం తిప్పుకుంది. "గెలిచింది నేనే కదా, వీళ్ళ కోపమేంటి" అని దారి పొడుగునా మమ్మల్ని అడుగుతూనే ఉన్నాడు.

చెత్త ముక్కలతో మిమ్మల్ని ఓడించినవాడికి పాఠం చెప్పబోకండి. ఫిల్ హెల్‌మ్యూత్ అనే పేరున్న పోకర్ ఆటగాడు అలా గొడవ చేస్తూనే పేరు తెచ్చుకున్నాడు, నిజమే, కానీ ఆయన 1989లో 24 ఏళ్ళకే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌లో అన్నిటికంటే పెద్దదైన మెయిన్ ఈవెంట్ గెలిచాడు, అక్కడ టోర్నమెంట్ గెలిచినవాళ్ళకిచ్చే బ్రేస్‌లెట్లు 17 ఉన్నాయి. మనకి కాస్ట్‌కో షాపు కార్డుంది. పైగా ఆ చెత్తగా ఆడేవాళ్ళు వస్తున్నారు కాబట్టే బహుమతి డబ్బు పెరుగుతోంది. 2003లో క్రిస్ మనీమేకర్ అనే అకౌంటెంట్ ఆన్‌లైన్‌లో 86 డాలర్లతో మొదలుపెట్టి, 10 వేల డాలర్ల ఎంట్రీ ఉన్న మెయిన్ ఈవెంట్‌లో కూర్చుని 25 లక్షల డాలర్లు కొట్టాక, నేనూ ఆడగలను అనుకోనివాడు లేడు. నాతో సహా.

మిగతావి త్వరగా చెప్పేస్తా. 21 నిండాలి, పాస్‌పోర్టు జేబులో ఉండాలి. టోర్నమెంట్ చిప్స్ డబ్బు కాదు, సగంలో లేచి క్యాషియర్ దగ్గరికి పట్టుకెళ్తే నవ్వుతారు, జేబులో వేసుకుంటే నవ్వరు. గెలిచినదానికి టాక్స్ ఉంది. స్టూడెంట్ వీసా మీద వచ్చి టాక్స్ లెక్కల్లో ఇంకా నాన్ రెసిడెంట్‌గా ఉన్నవాళ్ళకి 30 శాతం అక్కడే పట్టుకుని మిగిలింది చేతిలో పెడతారు, గొడవపడి లాభం లేదు. గెలిస్తే డీలర్లకి ఎంతో కొంత టిప్ ఇవ్వండి.

మొదటి బ్రేక్ రాకముందే అవుటయితే ఫీలవకండి, "గుడ్ లక్" అని చెప్పి లేచి వచ్చేయండి. నేను నాలుగుసార్లు అలా లేచాను, ఒకసారైతే పార్కింగ్‌లో కారు ఇంజను ఇంకా చల్లారలేదు.