రీఫ్ ట్యాంకును ఏళ్ల తరబడి నిలబెట్టుకునేవాళ్లు ఏం చేస్తారు?

మీ ప్రశ్న ఇదీ: డాలస్‌లో ఆర్నెల్ల క్రితం 40 గ్యాలన్ల రీఫ్ ట్యాంకు (బతికున్న పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం) పెట్టారు. ఇసుక మీద గోధుమరంగు జిగురు ఎంత తీసినా పోవడం లేదు, అమ్మేద్దామా అనుకుంటున్నారు. మిగతావాళ్లకు పదేళ్లు, పదిహేనేళ్లు ఓపిక ఎలా ఉంటోందని అడిగారు.

అది ఓపిక కాదండీ. తమ ట్యాంకులో రేపేం జరుగుతుందో వాళ్లకు ఇవాళే తెలుస్తుంది, అందుకే చాకిరీ తగ్గిపోతుంది. మానేసేవాళ్లు పగడాల మీద మోజు తీరి మానరు. ఏదో ఒకటి చచ్చిపోతూ ఉంటుంది, ఎందుకు చచ్చిందో తెలియదు, దాంతో విసుగొస్తుంది. చాలామంది మొదటి ఏడాదిలోనే జారిపోతారు.

ముందు ఆ జిగురు సంగతి. పొడిపొడిగా ఉండి, కదిపితే దుమ్ములా లేస్తే డయాటమ్‌లు (ఒక రకం సూక్ష్మ నాచు), వాటంతట అవే పోతాయి. చీమిడిలా తీగలు సాగి, గాలిబుడగలు పట్టుకుని, రాత్రి తగ్గి మధ్యాహ్నానికి మళ్లీ పరుచుకుంటే డైనోఫ్లాజెలేట్లు (ఏకకణ జీవులు, పొట్టిగా డైనోలు). అనుమానం తీరాలంటే కొంచెం జిగురు సీసాలోకి తీసి, బాగా కుదిపి, కాఫీ ఫిల్టరులో వడకట్టి, ఆ నీళ్లను గంటసేపు లైటు కింద ఉంచండి. మళ్లీ తీగలు కట్టాయంటే డైనోలే. అన్నట్టు, దీన్ని ముట్టుకునేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, కొన్ని రకాల్లో విషముంటుంది.

చాలాసార్లు ఇవి వచ్చేది ట్యాంకు మరీ శుభ్రమైనందుకు. కొత్తవాళ్లు నైట్రేటు, ఫాస్ఫేటు (మేత, వ్యర్థాల నుంచి నీటిలో చేరే పోషకాలు) సున్నా చేయాలని స్కిమ్మర్ (నురగతో వ్యర్థాలు తీసే పరికరం), జీఎఫ్ఓ (ఫాస్ఫేటును పీల్చే ఇనుప గుళికలు), వారానికి రెండు నీటి మార్పిళ్లు అన్నీ ఒకేసారి పెడతారు. దాంతో డైనోలకు పోటీగా ఉండాల్సిన బ్యాక్టీరియా, నాచు తిండిలేక పోతాయి. మీరు తీసేకొద్దీ అది పెరగడానికి కారణం ఇదే. టెస్టులో రెండూ సున్నా అయితే జీఎఫ్ఓ తీసేయండి, కొన్ని వారాలు నీళ్లు మార్చడం ఆపండి, నైట్రేటు 5-10 పీపీఎం (పది లక్షల్లో అన్ని పాళ్లు), ఫాస్ఫేటు 0.05-0.1 పీపీఎం మధ్యకు తీసుకురండి. రాళ్లు, ఇసుక పోను మీ ట్యాంకులో అసలు నీళ్లు సుమారు 130 లీటర్లు. అంత నీటిలో నైట్రేటు 5 పీపీఎం పెరగాలంటే సోడియం నైట్రేట్ 0.9 గ్రాము కావాలి. రెండు మూడు రోజులకు విడదీసి వేయండి.

వీలైతే 400 రెట్లు చూపించే చవక మైక్రోస్కోప్ ఒకటి కొనండి. ఒక కొస కూసుగా ఉండి, ఆ కొసనే పట్టుకున్నట్టు గిరగిరా తిరిగే డైనో ఆస్ట్రియోప్సిస్. రాత్రిపూట నీళ్లలోకి లేస్తుంది కాబట్టి యూవీ లైటుకు (నీటిలో తేలే సూక్ష్మజీవులను చంపే దీపానికి) దొరుకుతుంది. అండాకారంగా ఉండి ఇసుకలోనే పాకులాడేది ఆంఫిడినియం. దానికి యూవీ కొన్నా డబ్బు దండగ. సిలికేట్ వేసి డయాటమ్‌లను పోటీకి పెంచడమే దానికి ఎక్కువమంది వాడే దారి. పేరు తెలిసిన క్షణం నుంచి ఇది పీడకల కాదు, లెక్క. ఈ హాబీలో పట్టు చిక్కేది ఇలాంటి చోటే.

రెండో లెక్క ఆల్కలినిటీ, అంటే నీటిలో ఉన్న కార్బనేట్ల మోతాదు. పగడం అస్థిపంజరం కట్టుకుంటుంటే ముందు పడిపోయేది ఇదే. నాలుగు రోజులు ఏమీ వేయకుండా, రోజూ ఒకే వేళకు కొలిచి రాసుకోండి. 8.6, 8.1, 7.6 ఇలా వస్తే మీ ట్యాంకు ఖర్చు రోజుకు 0.5 డీకేహెచ్ (ఆల్కలినిటీ కొలత). 130 లీటర్లలో ఒక డీకేహెచ్ పెంచడానికి బేకింగ్ సోడా సుమారు 4 గ్రాములు పడుతుంది కాబట్టి మీకు రోజుకు 2 గ్రాములు చాలు. దానికి జోడీగా కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ 1.7 గ్రాములు. రెండూ కలిపి వేస్తే తెల్లగా గడ్డకట్టి వృథా అవుతాయి, గంటల ఎడం ఉండాలి. ఎంత తగ్గినా రోజుకు ఒక డీకేహెచ్‌కు మించి పెంచొద్దు. నైట్రేటు, ఫాస్ఫేటు సున్నాలో ఉన్న ట్యాంకులో ఆల్కలినిటీ 10 దాటిస్తే ఆక్రోపొరా (కొమ్మలు వేసే రాతిపగడం) కొసలు కాలినట్టు తెల్లబడతాయి. ఈ అంకెలన్నీ ఒక కాగితం మీద గీతలా గీస్తే, పగడం ముడుచుకోకముందే తేడా తెలుస్తుంది.

ఇక సరదా ఎక్కడుందంటే ఇలాంటి చోట్ల: క్లౌన్ చేపల జంట ఒక రాతిని రోజుల తరబడి నోటితో రుద్ది, అక్కడ నారింజరంగు గుడ్లు పెడుతుంది. చిన్నదైన మగచేప వాటికి రెక్కలతో విసురుతూ, పాడైనవాటిని తీసేస్తూ కూర్చుంటుంది. ఏడెనిమిది రోజులకు ప్రతి గుడ్డులో రెండు వెండి కళ్లు మెరుస్తాయి. ఆ రాత్రి లైటు ఆరాక పిల్లలు బయటపడతాయి. వాటిని పెంచాలంటే మాత్రం రోటిఫర్ల (ఆ పిల్లలకు మేతయ్యే సూక్ష్మజీవుల) కల్చర్ ముందే సిద్ధంగా ఉండాలి.

మనుషుల్ని కట్టిపడేసే ఇంకొకటి పగడపు ముక్కల పంపకం. బెర్లిన్‌లో డీట్రిష్ స్టూబర్ అనే హాబీయిస్టు పెంచిన ఆక్రోపొరా ముక్కలు చేతులు మారుతూ యూరప్ అంతా పాకాయి. మీ హ్యామర్ కోరల్ (ఒక రకం రాతిపగడం) కొమ్మలు వేసిందా, కండకు అంగుళం కింద ఎముకను బోన్ కట్టర్‌తో కోసి, జెల్ సూపర్ గ్లూతో ప్లగ్ (చిన్న దిమ్మ) మీద అంటించి, ఇద్దరికివ్వండి. మీ ట్యాంకు పోయిన రోజున ఆ ఇద్దరి దగ్గరా మీ పగడం ఉంటుంది. 2021 ఫిబ్రవరి మంచు తుపానుకు టెక్సాస్‌లో కరెంటు పోయినప్పుడు దీని విలువ తెలిసింది. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో పడేసి ఉంచండి, చలికన్నా ముందు ఆక్సిజనే అందకుండా పోతుంది. జొయాంథిడ్లు (కొన్నిటిలో ఘాటైన విషముండే, మెత్తని పగడాల్లాంటి జీవులు) కోసేటప్పుడు గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి. అవి ఉన్న రాయిని వేడినీళ్లతో కడగడం, ఉడికించడం అసలు వద్దు. ఆ ఆవిరితో ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సందర్భాలున్నాయి.

(హైదరాబాదు, వైజాగ్ నుంచి చదివేవాళ్లకు: పైన చెప్పింది అమెరికా పద్ధతి. మన దగ్గర రాతిపగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. సముద్రంలోంచి తీసిన పగడం, రాయి కొనకండి. హేచరీలో పుట్టిన క్లౌన్లతో మొదలుపెట్టండి.)

చివరిది, మనవాళ్ల ట్యాంకులను ఎక్కువగా ముంచేది: మూడు వారాల ఇండియా ప్రయాణం. రోజుకు 2-3 లీటర్లు ఆవిరవుతాయి, కాబట్టి ఆటో టాప్-ఆఫ్ (ఆవిరైనంత మంచినీళ్లు తనే నింపే పరికరం) ఉండాల్సిందే. దానికి 60 లీటర్ల డ్రమ్ము పెట్టకండి. సెన్సర్ ఇరుక్కుని మొత్తం ఒక్కసారిగా పడితే ఉప్పు వెయ్యికి 35 పాళ్ల నుంచి 24కు దిగిపోతుంది. 20 లీటర్ల బకెట్టు అయితే 30 దగ్గర ఆగుతుంది, చాలావరకు బతికిపోతాయి. పక్కింటివాళ్లను ఆ బకెట్టును వారానికోసారి ఆర్వో నీళ్లతో, అదీ ఉప్పు కలపని నీళ్లతోనే నింపమనండి. మేత డబ్బా వాళ్ల చేతికివ్వొద్దు, పాపం అని గుప్పెళ్లు వేస్తారు. వారం రోజుల గడులుండే మాత్రల డబ్బాలు మూడు కొని, ఏ రోజు మేత ఆ గడిలో పోసి వెళ్లండి. బయల్దేరే ముందు పదిహేను రోజుల్లో కొత్త చేప గానీ, కొత్త పరికరం గానీ పెట్టకండి.