కాలి వేళ్లు అందకపోతే ఏమైంది?

ప్రశ్న: మేడమ్, మాది అనంతపురం, పన్నెండేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. నాకు 36 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రోజంతా కుర్చీలోనే. రెండు వారాలుగా వీడియోలు చూసి యోగా చేస్తున్నాను. కాళ్లు చాపి కూర్చుని ముందుకు వంగే పశ్చిమోత్తానాసనంలో చేతులు పిక్కల దగ్గరే ఆగిపోతున్నాయి. మొన్న బలవంతంగా వంగితే మర్నాడు నడుము పట్టేసింది. ఒళ్లు ఇంత బిగుసుకుపోయినవాళ్లు యోగా చేయొచ్చా? దేనితో మొదలుపెట్టాలి?

జవాబు: నిక్షేపంగా చేయొచ్చమ్మా. ముందు నడుము నొప్పి పూర్తిగా తగ్గనివ్వండి, అప్పటిదాకా ముందుకు వంగే ఆసనాలేవీ వద్దు. నొప్పి కాల్లోకి లాగినా, తిమ్మిరి వచ్చినా డాక్టరుకి చూపించుకోవాల్సిందే.

అసలు కాలి వేళ్లు పట్టుకోవాలన్న పంతమే మిమ్మల్ని దెబ్బతీసింది. గంటలు గంటలు కూర్చునేవాళ్లకి తొడల వెనక కండరాలు బిగుసుకుపోతాయి, అవి కటి ఎముకను కదలనివ్వవు, తుంటి దగ్గర వంగాల్సిన ఒళ్లు నడుము దగ్గర గూనిలా వంగుతుంది, భారమంతా అక్కడే పడుతుంది. నొప్పి తగ్గాక ఇలా చేసి చూడండి. దుప్పటి నాలుగు మడతలు వేసి పిరుదుల కింద పెట్టుకోండి, మోకాళ్లు కొంచెం వంచే ఉంచండి, అరికాళ్ల చుట్టూ చున్నీ వేసి రెండు కొసలూ పట్టుకోండి. వీపు నిటారుగా ఉంచి, ఊపిరి వదులుతూ పొట్టను తొడల వైపు తీసుకెళ్లండి, తలను కాదు. బెత్తెడే వంగినా చాలు, అక్కడే ఐదు శ్వాసలు. ఊపిరి బిగపట్టాల్సి వస్తోందంటే ఎక్కువ వంగారని అర్థం, కాస్త వెనక్కి రండి.

చున్నీ వాడితే చిన్నతనమేమీ లేదు. బెల్టులు, చెక్క దిమ్మెలు, దుప్పట్ల సాయంతో ఆసనాలు వేయడాన్ని ప్రచారంలోకి తెచ్చిన బి.కె.ఎస్. అయ్యంగార్ మీ పక్కనే కోలారు జిల్లా బెళ్లూరులో 1918లో పుట్టారు. చిన్నతనమంతా మలేరియా, టైఫాయిడ్, క్షయలతో చిక్కిపోయిన మనిషి, మైసూరులో బావగారు కృష్ణమాచార్య దగ్గర యోగా మొదలుపెట్టి 95 ఏళ్లు బతికారు.

ఈ లోపు రోజూ తాడాసనం వేయండి. నిలబడడమే కదా అనిపిస్తుంది గానీ, బరువు రెండు పాదాల మీదా సమానంగా పడుతోందో లేదో గమనిస్తే మీరు ఎటు ఒరిగి నిలబడుతున్నారో తెలిసిపోతుంది. తర్వాత ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనం, గోడ పక్కన. రెండో పాదాన్ని తొడకో పిక్కకో ఆనించండి, మోకాలికి మాత్రం వద్దు. బోర్లా పడుకుని ఛాతీ పైకెత్తే భుజంగాసనం కూడా నొప్పి తగ్గాకే: బొడ్డు నేల మీదే ఉండాలి, మోచేతులు కాస్త వంగి ఉండాలి, చేతులతో నెట్టి లేవకండి. పొద్దున్నే పరగడుపున పదిహేను నిమిషాలు చాలు, భోజనం చేశాకైతే మూడు నాలుగు గంటలు ఆగాలి.

ఆఫీసు క్యాబ్ వచ్చేస్తుందని చాలామంది శవాసనం ఎగ్గొడతారు. మీరు అలా చేయకండి. ఫోను పక్క గదిలో పెట్టేసి ఐదు నిమిషాలు కదలకుండా పడుకోండి, లేచేటప్పుడు ఒక పక్కకి తిరిగి చెయ్యి ఆనించి మెల్లగా లేవండి.