కొలంబియాలో ఫార్క్ అనే వామపక్ష తిరుగుబాటు దళం గెరిల్లాలు మనుషుల్ని ఎందుకు ఎత్తుకెళ్లేవారు? ప్రభుత్వం దాన్నెలా ఆపింది?

ముఖ్య కారణాలు రెండు. ఒకటి డబ్బు. రెండోది, బందీలకు బదులుగా జైళ్లలో ఉన్న తమవాళ్లను విడిపించుకోవడం. అందుకే సైనికుల్ని, పోలీసుల్ని, రాజకీయ నాయకుల్ని ఏళ్ల తరబడి అడవిలో ఉంచేవారు, కొందరికి మెడలో గొలుసులు వేసి మరీ. ఇంటివాళ్లు రేడియోలో చెప్పే కబుర్లే వాళ్లకు లోకంతో మిగిలిన బంధం. 2016లో ప్రభుత్వంతో ఫార్క్ చేసుకున్న శాంతి ఒప్పందం తర్వాత ఏర్పడిన ప్రత్యేక కోర్టు లెక్కలో బాధితులు 21,000 పైనే.

1998లో అధ్యక్షుడు పస్త్రానా ఫార్క్‌తో చర్చల కోసం దాదాపు 42,000 చదరపు కిలోమీటర్ల ప్రాంతం నుంచి సైన్యాన్ని వెనక్కి రప్పించారు. ఫార్క్ ఆ చోటును బలం పెంచుకోవడానికే వాడుకుంది. 2002 ఫిబ్రవరిలో చర్చలు చెడిపోయాయి. కొద్ది రోజులకే అధ్యక్ష అభ్యర్థి ఇంగ్రిడ్ బెతాంకూర్ కిడ్నాప్ అయ్యారు.

ఆమెను విడిపించిన తీరు మాత్రం సినిమాకేం తీసిపోదు. బందీల్ని వేరే చోటికి తరలించమంటూ గెరిల్లా పెద్దల పేరుతో సైన్యం దొంగ సందేశాలు నడిపింది. 2008 జూలై 2న సహాయ సంస్థ వాళ్లలా వేషం వేసుకుని తెల్ల హెలికాప్టర్‌లో దిగింది. చేతులు కట్టేసిన 15 మంది బందీల్ని కాపలా కమాండరే దగ్గరుండి ఎక్కించి, తానూ ఎక్కాడు. గాల్లోకి లేచాక అతన్నే కట్టి పడేశారు! ఒక్క తూటా కూడా పేలలేదు.

అయినా ఇలాంటి ఆపరేషన్లతోనే పోరు ముగిసిపోలేదు. సైన్యం దెబ్బలకు బలహీనపడ్డ ఫార్క్, డబ్బు కోసం కిడ్నాపులు మానేస్తున్నామని 2012లో ప్రకటించింది. అదే ఏడాది చర్చలు మొదలయ్యాయి. 2016లో కుదిరిన ఒప్పందాన్ని ప్రజలు రెఫరెండంలో స్వల్ప తేడాతో తిరస్కరిస్తే, మార్పులు చేసి నవంబరులో మళ్లీ సంతకాలు చేశారు.

ఈఎల్ఎన్ అనే మరో గెరిల్లా దళం మాత్రం కిడ్నాపులు మానలేదు. 2023లో ఫుట్‌బాల్ ఆటగాడు లూయిస్ డియాజ్ తండ్రిని ఎత్తుకెళ్లి, 12 రోజులకు వదిలింది.