టెక్ సందేహాలు: సెకండ్ హ్యాండ్ ఆక్టేవియా ఆర్‌ఎస్సా, బీఎండబ్ల్యూ 330ఐ నా?

ప్రశ్న: సర్, మియాపూర్‌లో ఉంటా, ఆఫీస్ గచ్చిబౌలి. ఏడాదికి 9 వేల కిలోమీటర్లు తిరుగుతా. 2018 స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 230 ఒకటి 17 లక్షలకి, 2019 బీఎండబ్ల్యూ 330ఐ ఒకటి 28 లక్షలకి చూశాను, మిగతా డబ్బు లోన్ పెడతా. ఫ్రెండ్స్ అందరూ "బీఎండబ్ల్యూ పెట్రోల్ తాగేస్తది రా" అంటున్నారు. నేను ఎక్సెల్‌లో మైలేజీ పెట్టి చూస్తే పెద్ద తేడా రావట్లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నా?

జవాబు: మీ ఎక్సెల్ కరెక్టే, మీ ఫ్రెండ్స్ చూసేది తప్పు లైన్. సిటీలో లీటరుకి ఆర్‌ఎస్ 9, 330ఐ 8 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం (ట్రాఫిక్‌లో రెండూ ఇంతకన్నా తక్కువే ఇవ్వొచ్చు), హైదరాబాద్‌లో లీటరు 107 రూపాయలు వేసుకోండి. 9 వేల కిలోమీటర్లకి ఆర్‌ఎస్‌కి 1000 లీటర్లు అంటే 1.07 లక్షలు, 330ఐకి 1125 లీటర్లు అంటే 1.20 లక్షలు. తేడా ఏడాదికి 13 వేలు, అంతే. నెలకి వెయ్యి పైచిలుకు కోసం ఇంత గొడవ అక్కర్లేదు.

ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది, కిలోమీటర్ పర్ లీటర్ అనే నంబరే మోసం చేస్తుంది. పది వేల కిలోమీటర్లకి 8 ఇచ్చే కారు నుంచి 10 ఇచ్చే కారుకి మారితే 250 లీటర్లు మిగుల్తాయి, అదే 14 నుంచి 16కి మారితే 89 లీటర్లే, రెండు చోట్లా తేడా "రెండే" అయినా సరే. అందుకే షీట్‌లో మైలేజీ కాలమ్ తీసేసి "వంద కిలోమీటర్లకి ఎన్ని లీటర్లు" అని పెట్టుకోండి, అప్పుడు కనిపించేదే నిజం.

ఇప్పుడు అసలు లైన్‌కి వద్దాం. కారు విలువ ఏడాదికి 10 శాతం పడుతుందనుకుంటే 330ఐకి 2.8 లక్షలు, ఆర్‌ఎస్‌కి 1.7 లక్షలు. పైన పెట్టే 11 లక్షలకి 12 శాతం లోన్ అయితే మొదటి ఏడాది వడ్డీ ఇంకో 1.3 లక్షల దాకా. అంటే పెట్రోల్‌లో 13 వేల గురించి కొట్టుకుంటూ ఇటు 2.4 లక్షల (విలువలో 1.1, వడ్డీలో 1.3) తేడాని ఎవరూ ఎక్సెల్‌లో వెయ్యట్లేదు. పైగా ఆర్‌ఎస్ 230 మన దేశంలో తక్కువ నంబర్‌లోనే అమ్మారు, ఇష్టపడేవాళ్ళు ఇంకా వెతుకుతూనే ఉంటారు కాబట్టి ధర మరీ కిందికి పడదని నా అంచనా. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మాత్రం రెండిటికీ ఒకటే, 1500 సీసీ దాటితే 2022 రేటు ప్రకారం 7,897 రూపాయలు ప్లస్ జీఎస్టీ. ఓన్ డ్యామేజ్ (మన కారుకే దెబ్బ తగిలితే ఇచ్చే) భాగం ఐడీవీని, అంటే ఇన్సూరెన్స్ వాళ్ళు లెక్కేసే కారు విలువని బట్టి పెరుగుతుంది, అక్కడ 330ఐకి గట్టిగానే పడుద్ది. నో క్లెయిమ్ బోనస్ కారుతో రాదు, అది పాత ఓనర్‌ది, సెల్లర్ "50 శాతం ఎన్‌సీబీ ఉంది సార్" అంటే నవ్వి ఊరుకోండి.

టైర్లు. 330ఐకి రన్-ఫ్లాట్లు (గాలి పోయినా కొంత దూరం నడిచే టైర్లు) వస్తాయి, మామూలు టైర్ కంటే చాలా ఖరీదు, కొన్ని వేరియంట్లలో ముందూ వెనకా సైజులు వేరు కాబట్టి రొటేషన్ కూడా కుదరదు, కొనేముందు నాలుగు టైర్ల సైడ్ వాల్ మీద తయారీ వారం-సంవత్సరం నంబర్ చదివి రాసుకోండి, అన్నీ పాతవైతే ఆ డబ్బు ధరలోంచి తగ్గించమనండి. ఆర్‌ఎస్ 230లో ఉన్నది ఆరు గేర్ల వెట్ క్లచ్ డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్, క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉంటాయి), దీనికి 60 వేల కిలోమీటర్లకోసారి ఆయిల్ మార్చాలి, బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోండి. ఆర్‌ఎస్ ఇంజిన్‌లో థర్మోస్టాట్ హౌసింగ్ దగ్గర కూలెంట్ లీక్ అవ్వడం మామూలే, కింద టార్చ్ వేసి చూడండి, పింక్ మరక ఎండిపోయి కనిపిస్తే అదే. 330ఐలో జడ్‌ఎఫ్ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్, గట్టిదే, కంపెనీ దాని ఆయిల్ "లైఫ్‌టైమ్" అన్నా గేర్‌బాక్స్ తయారీదారు 80 వేల నుంచి 1.2 లక్షల కిలోమీటర్ల మధ్యలో ఆయిల్ మార్చమంటాడు. బ్యాటరీ మార్చినా కంప్యూటర్‌లో రిజిస్టర్ చెయ్యాలి, గల్లీ మెకానిక్ మార్చేసి వదిలేస్తే చార్జింగ్ లెక్క తప్పుద్ది. నేనైతే రిపేర్ల కోసం ఆర్‌ఎస్‌కి ఏడాదికి 60 వేలు, 330ఐకి లక్ష పక్కన పెడతా.

ఇప్పుడు టెక్ పని. ఓబీడీ డాంగిల్ (కారు పోర్ట్‌లో గుచ్చితే ఇంజిన్ కంప్యూటర్ డేటాని ఫోన్‌కి పంపే చిన్న పరికరం) తీసుకెళ్ళండి. ఫాల్ట్ కోడ్ లేదంటే సంతోషపడకండి, "కోడ్స్ క్లియర్ చేశాక తిరిగిన దూరం" అనే రీడింగ్ చాలా యాప్స్‌లో ఉంటుంది, అది చూడండి. అక్కడ 14 కిలోమీటర్లు అని ఉండి సెల్లర్ "ఎప్పుడూ లైట్ రాలేదు సార్" అంటున్నాడంటే మీరు వచ్చేముందు ఎవరో తుడిచారు, లేదా బ్యాటరీ తీసిపెట్టారు, ఏదైనా సరే ఎందుకని అడగండి. రెడీనెస్ మానిటర్లు (కారు తనంతట తాను చేసుకునే పరీక్షలు) "ఇన్‌కంప్లీట్" అని చూపించినా అదే అనుమానం. ఆర్‌ఎస్‌కి ఓబీడీఎలెవెన్, బీఎండబ్ల్యూకి బిమ్మర్‌లింక్ లాంటి యాప్స్ వాడితే ఇంజిన్ కంప్యూటర్‌లోని డేటా ఇంకా లోతుగా కనిపిస్తుంది, మీటర్‌లో ఉన్న కిలోమీటర్లకీ లోపలి నంబర్లకీ తేడా వస్తే బయటికి నడవండి. స్టేజ్ వన్ రీమ్యాప్ చేసిన (పవర్ కోసం ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చిన) ఆర్‌ఎస్‌లు చాలా తిరుగుతున్నాయి, సెల్లర్ "స్టాక్" (ఏమీ మార్చలేదు) అన్నా షోరూమ్‌లో వీఐఎన్ (చాసిస్ నంబర్) ఇచ్చి సర్వీస్ హిస్టరీ తీయించండి. బండి బెంగళూరు, ఢిల్లీ నంబర్ అయితే ఎన్‌ఓసీ, ఇక్కడి లైఫ్ టాక్స్ లెక్క ముందే వేసుకోండి, చౌక అనిపించిందంతా అక్కడే పోద్ది. ఎంపరివాహన్ యాప్‌లో హైపోథెకేషన్ (బండి మీద లోన్ ఉందా), ఎన్నో ఓనర్ అనేది కూడా చూడండి.

నా ఓటు? ఆర్‌ఎస్ 230, బిల్లులన్నీ ఉంటేనే.

ప్రశ్న: 300 రూపాయల బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ నా ఐఫోన్‌కి కనెక్ట్ అవ్వట్లేదు, చెడిపోయిందా?

జవాబు: చెడిపోలేదు. ఆ చౌక డాంగిల్స్, అంటే ఈఎల్‌ఎమ్327 చిప్ నకళ్ళు, ఎక్కువగా పాత తరహా బ్లూటూత్, ఐఫోన్ యాప్స్ దాంతో మాట్లాడవు. "బ్లూటూత్ లో-ఎనర్జీ" (బీఎల్‌ఈ) రకమో, వైఫై రకమో కావాలి. ఎవరిదైనా ఆండ్రాయిడ్ ఉంటే అరువు తీసుకోండి, పని అయిపోతుంది. పని అయ్యాక డాంగిల్ పీకెయ్యండి, లేదంటే కారు బ్యాటరీ దిగిపోతుంది, పైగా పిన్ 1234 అయితే పక్కన పార్క్ చేసినవాడు కూడా కనెక్ట్ అయిపోగలడు.

ప్రశ్న: పాత పోలో జీటీకి ఈ20 పెట్రోల్ వల్ల మైలేజీ పడిందని అనిపిస్తోంది, భ్రమా?

జవాబు: భ్రమ కాదు. ఈ20 అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, ఈ10 అంటే 10 శాతం. ఇథనాల్‌లో లీటరుకి శక్తి పెట్రోల్ కన్నా సుమారు మూడో వంతు తక్కువ. పెట్రోల్‌కే తయారై ఈ10కి కాలిబ్రేట్ చేసిన కార్లలో 6-7 శాతం దాకా పడొచ్చని నీతి ఆయోగ్ రోడ్‌మ్యాపే చెప్పింది. ట్రిప్ మీటర్‌ని నమ్మకుండా ఫ్యూలియో లాంటి యాప్‌లో ఫుల్ ట్యాంక్ టు ఫుల్ ట్యాంక్ రాయండి, ఒకే బంక్‌లో, ఒకే పంప్ ఆటో కట్ దగ్గర ఆపి. నాలుగైదు ట్యాంకులయ్యాక వచ్చే సగటే నమ్మొచ్చు. ఇండియన్ ఆయిల్ వాళ్ళ ప్రీమియం పెట్రోల్ ఎక్స్‌పీ100లో ఇథనాల్ ఉండదు గానీ ధర చాలా ఎక్కువ, 7 శాతం మిగుల్చుకోడానికి అంత పెట్టడం దండగ.