జైలు నుంచి వచ్చిన ఆడవాళ్లు మళ్లీ నేరంలోకి వెళ్లకుండా కుటుంబం ఆపగలదా?

ఆపగలదు. కానీ ఏ కుటుంబం అన్నది ముందు చూడాలి. మా చెల్లి విషయంలో నాకిది చాలా ఆలస్యంగా తెలిసింది.

మొదటిసారి విడుదలైనప్పుడు తనని నేనే తీసుకెళ్లి భర్త దగ్గర దింపాను. కాపురం నిలబడితే మనిషి కుదుటపడుతుందనుకున్నాను. మొదటి కేసులో దొంగసొత్తు ఇంట్లో దాచమన్నదీ, పట్టుబడ్డాక తనకేం తెలియదని తప్పుకున్నదీ ఆ భర్తే. ఏడాది తిరక్కుండా చెల్లి మళ్లీ అలాంటి కేసులోనే లోపలికెళ్లింది. "ఎక్కడికి వెళ్తావని నన్ను ఒక్కరైనా అడిగారా అక్కా?" అంది ములాఖత్‌లో. నేనూ అడగలేదు.

మహిళా ఖైదీల కోసం ఐక్యరాజ్యసమితి 2010లో ఆమోదించిన బ్యాంకాక్ నియమాల్లో 44వది దీని గురించే. మహిళా ఖైదీల్లో ఇంట్లో హింస అనుభవించినవాళ్లు ఎక్కువ కాబట్టి, ములాఖత్‌కి ఎవరిని రానివ్వాలో, అది సొంతవాళ్లైనా సరే, ఆమెనే అడగాలంటుంది. అమెరికాలో మిన్నెసోటా జైళ్ల శాఖ 2003-2007 మధ్య విడుదలైన 16,420 మందిని పరిశీలించింది. వాళ్లలో ఎక్కువమంది మగవాళ్లే. ములాఖత్‌లు ఉన్నవాళ్లకి మళ్లీ పెద్ద నేరంలో శిక్షపడే ముప్పు 13 శాతం తక్కువని తేలింది. తోబుట్టువులు వచ్చిన చోట మేలు ఎక్కువ. విడిపోయిన భార్యో భర్తో వచ్చిన చోట మాత్రం ముప్పు పెరిగింది.

రెండోసారి మా ఇంటికే తీసుకొచ్చాను. తన పాప అప్పటికే నా దగ్గర పెరుగుతోంది. చెల్లి జైల్లో కుట్టుపని నేర్చుకుని పాపకి గౌను కుట్టి తెచ్చింది, తను వదిలివెళ్లినప్పటి కొలతతో. అది పాప భుజాలు దాటలేదు. పాప ఏమీ అనకుండా తీసి, మడతపెట్టి ఇచ్చేసింది. ఆ రాత్రే చెల్లి వెళ్లిపోతానంది. బిడ్డ మొహం చూస్తే మారిపోతుందని అందరూ అంటారు. నేను చూసింది వేరు. ప్రేమ ఎంత ఉందో సిగ్గూ అంతే ఉంది. "అమ్మవి కదా, చూసుకో" అని వెంటనే బిడ్డని ఒళ్లో పెడితే తట్టుకోలేరు. అందుకే పాప పనులన్నీ కొన్నాళ్లు నేనే చూశాను. తనకి రాత్రి పక్కన పడుకోబెట్టడం ఒక్కటే వదిలాను. వారాల తరబడి ఇద్దరూ చెరో వైపు తిరిగి పడుకున్నారు. ఒకరోజు పాపే టేపు తెచ్చి, కొలత తీసుకోమని ఎదురుగా నిలబడింది.

ఇప్పటికి నాలుగేళ్లయింది. మళ్లీ కేసు లేదు. ఆ భర్త ఫోన్ చేస్తే ఇప్పటికీ నేనే ఎత్తుతాను.