చేతిలోని చిప్‌ను ఫోన్ ఎందుకు గుర్తించడం లేదు?

ప్రశ్న: బొటనవేలికి, చూపుడువేలికి మధ్య చర్మం కింద ఎన్‌ఎఫ్‌సీ చిప్ (దగ్గరకు తెస్తే ఫోన్ తీగ లేకుండానే చదవగలిగే చిప్) అమర్చుకున్నాను. ఫోన్ దాన్ని ఒకసారి చదువుతోంది, మరోసారి చదవడం లేదు. దాని పరిధిని ఎలా పరీక్షించాలి?

జవాబు: చిప్ పాడైందని అప్పుడే కంగారు పడకండి. గాజు గొట్టంలో ఉండే ఈ చిప్ సాధారణంగా 2 మిల్లీమీటర్ల మందం, 12 మిల్లీమీటర్ల పొడవు మాత్రమే ఉంటుంది, 13.56 మెగాహెర్ట్జ్ వద్ద ఫోన్ సృష్టించే అయస్కాంత క్షేత్రం నుంచే అది శక్తిని తీసుకుంటుంది కాబట్టి, దానిలోని అంత చిన్న తీగచుట్టను ఫోన్ చదవగలిగే దూరం సాధారణంగా కొద్ది మిల్లీమీటర్లే. అయితే అసలు చిక్కు దూరంలో కన్నా దిశలోనే ఎక్కువగా ఉంటుంది. చుట్టగా ఉండే ఫోన్ యాంటెనా నడిమధ్యన అయస్కాంత బలరేఖలు నిటారుగా పైకి వస్తాయి, చర్మం కింద పడుకుని ఉన్న గొట్టం పొడవునా అవి దాదాపు సాగవు. అదే యాంటెనా అంచు మీద, దాని తీగకు అడ్డంగా గొట్టాన్ని ఉంచితే చక్కగా సాగుతాయి.

కాబట్టి కవర్ తీసేసి, ఫోన్ వెనుక చేతిని కొద్దికొద్దిగా జరుపుతూ, ప్రతిచోటా రెండు క్షణాలు ఆగి, కోణం కూడా మార్చి చూడండి. చదివే చోటు దొరికాక, చిప్ లేని ప్లాస్టిక్ కార్డులను ఒక్కొక్కటిగా మధ్యలో పెట్టండి. ఒక్కో కార్డు మందం సుమారు 0.76 మిల్లీమీటర్లు. ప్రతి మందానికి పదేసి సార్లు ఆనించి, ఎన్నిసార్లు చదివిందో రాసుకోండి. గాయం ఇంకా వాచి ఉంటే మాత్రం ఈ కొలతలను నమ్మకండి, ఆ వాపే చిప్‌ను ఫోన్‌కు దూరం చేస్తుంది.