పీపాలో ఉండగానే కొనే బోర్డో వైన్ గురించి మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పాప పుట్టిన ఏడాది పంటతో చేసిన, ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు రెడ్ వైన్‌ను సీసాల్లో నింపకముందే కొని, తనకు ఇరవై ఒకటో ఏడు వచ్చిన రోజున తెరవాలని ఉందన్నావు. లండన్ వర్తకుడు ఒకరు పంపిన ధరల పట్టీ చూసి వెంటనే డబ్బు కట్టేయమంటావా అని అడిగావు. నీ ఆలోచన నాకెంతో నచ్చింది. ముప్పై ఏళ్లుగా ఇక్కడ బ్రిటన్‌లో ఉంటూ నేనూ ఇలా కొన్నవాణ్ణే కనుక, డబ్బు కట్టే ముందు నువ్వు తెలుసుకోవలసినవి వివరంగా రాస్తున్నాను.

మన నూజివీడు వైపు మామిడి తోటలను పూత మీదే బేరమాడి కొనే వ్యాపారులను నువ్వు చిన్నప్పుడు చూసే ఉంటావు. ఆ తర్వాత గాలివాన వచ్చి పిందె రాలినా నష్టం కొన్నవాడిదే. బోర్డోలోనూ ఒకప్పుడు పంట ద్రాక్ష తీగ మీద ఉండగానే వర్తకులు కొనేవారు. దానిని ‘సుర్ సూష్’ అనేవారు. ఇప్పటి ‘ఆన్ ప్రిమర్’ పద్ధతిలో పంట కోసి, రసం పులిసి, వైన్ ఓక్ పీపాల్లోకి చేరాకే బేరం మొదలవుతుంది కాబట్టి గాలివాన భయం లేదు. అయినా డబ్బు కట్టిన రోజున నీ చేతికి వచ్చేది ఒక కాగితం మాత్రమే. సరుకు రావడానికి ఇంకా సుమారు రెండేళ్లు పడుతుంది.

సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కోసిన పంటను మరుసటి ఏప్రిల్‌లో విమర్శకులు, వర్తకులు పీపాల నుంచి తీసిన నమూనాలతో రుచి చూస్తారు. మే, జూన్ నెలల్లో ఒక్కొక్క షాతో, అంటే ద్రాక్ష పండించి వైన్ చేసే ఎస్టేటు, తన ధర ప్రకటిస్తుంది. షాతో వారు నీకు నేరుగా అమ్మరు: ‘కూర్తియే’ అనే మధ్యవర్తి 2 శాతం తీసుకుని సరుకును ‘నెగోసియాన్’ అనే టోకు వర్తకుడికి కుదురుస్తాడు, అతడి నుంచి ఇక్కడి దిగుమతిదారు కొంటాడు, ఆ దిగుమతిదారు దగ్గర నువ్వు కొంటావు. ఇన్ని చేతులు మారే సరుకు కనుక ఒకే వైన్‌కు నలుగురు వర్తకులు నాలుగు ధరలు చెబుతారు.

ఒక ఏప్రిల్‌లో బోర్డోలోని పోయాక్ అనే ఊళ్లో ఒక షాతోలో ఆ పీపా వైన్‌ను నేనూ రుచి చూశాను. గ్లాసు వంచితే అంచున నేరేడుపండు రంగు మరక అలాగే నిలిచిపోయింది. నోట్లో పోసుకోగానే పచ్చి వక్క నమిలినట్టు వగరు పట్టి, చిగుళ్లు, నాలుక పిడచకట్టుకుపోయాయి. పక్కనున్నవారు తలలు ఊపుతూ పుస్తకాల్లో రాసుకుంటున్నారు కానీ, నాకు మాత్రం కలిపిన రోజునే ఆవకాయ రుచి చూసి, ఏడాది తర్వాత జాడీ ఎలా ఉంటుందో చెప్పమన్నట్టు అనిపించింది. అందులో చేయి తిరిగినవారు లేకపోలేదు. 1982 పంటను అమెరికా విమర్శకుడు రాబర్ట్ పార్కర్ మొదటే గట్టిగా మెచ్చుకోవడం, ఆ వైన్ తర్వాత ఆయన మాట నిలబెట్టడం అందరూ ఎరిగినదే. అయితే ఏప్రిల్ నమూనా, వేర్వేరు పీపాల వైన్‌లను కలిపి సీసాల్లో నింపే తుది మిశ్రమం కాకపోవచ్చు. అందుకే చాలామంది విమర్శకులు అప్పటి మార్కులను నూటికి 94–96 అన్నట్టు ఒక పరిధిగా ఇస్తారు. నీ వర్తకుడు పట్టీలో పై అంకె ఒక్కటే వేసి ఉంటే, మిగతా వివరాలను కూడా అదే అనుమానంతో చదువు.

ముందుగా కొంటే చవక అన్న మాటను గుడ్డిగా నమ్మకు. 1972 పంట నాసిరకమైనా ధరలు ఆకాశాన్నంటాయి, ఆ వెంటనే బోర్డో మార్కెట్ కుప్పకూలింది. 2010 పంటను విడుదల ధరకు కొన్నవారిలో చాలామంది, అదే వైన్ సీసాలోకి వచ్చాక ఏళ్ల తరబడి అంతకంటే తక్కువకు దొరకడం చూశారు. దానికి భిన్నంగా, కరోనా మధ్యలో 2020లో అమ్మకానికి వచ్చిన 2019 పంటకు పోంతే కానే వంటి పేరున్న షాతోలు ముందటి ఏడాదికంటే సుమారు 30 శాతం ధర తగ్గించాయి. అప్పుడు కొన్నవారికి మంచి బేరమే దక్కింది. కనుక నువ్వు చేయవలసిన పని ఇది: నీకు నచ్చిన షాతోకే చెందిన, అంతే మంచి పేరున్న పాత పంటలు ఈ రోజు సీసాల్లో ఎంతకు దొరుకుతున్నాయో వెతికి, ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకో. పదేళ్లు మాగిన సీసా అదే ధరకు దొరుకుతుంటే, పచ్చి వైన్‌కు ముందే డబ్బు కట్టడం లాభసాటి కాదు. నీ విషయంలో మాత్రం లాభం ఒక్కటే లెక్క కాదు, పాప పుట్టిన ఏడాదే కావాలి కదా. పైగా, సాధారణ సీసాకు రెట్టింపైన ఒకటిన్నర లీటర్ల మాగ్నమ్‌లో నింపించమని అడిగే అవకాశం ఈ దశలోనే ఉంటుంది. మాగ్నమ్‌లో వైన్ నెమ్మదిగా మాగుతుంది, ఇరవై ఏళ్ల నిరీక్షణకు అదే తగినది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. చాలా ఏళ్ల క్రితం, అందరికంటే పెట్టెకు కొన్ని పౌండ్లు తక్కువ చెప్పిన ఒక వర్తకుడి దగ్గర ఆరు పెట్టెలకు పూర్తి డబ్బు కట్టాను. రెండో ఏడాది చివర ఫోను ఎత్తేవారు లేకపోయారు. కొద్ది వారాలకు దివాలా వ్యవహారాలు చూసే అధికారి నుంచి ఉత్తరం వచ్చింది. నా దగ్గర తీసుకున్న డబ్బు బోర్డో వర్తకుడికి చేరనే లేదట. నా పేరున ఒక్క సీసా కూడా లేదు. అప్పులవాళ్ల వరుసలో చివర నిలబడితే చేతికి వచ్చింది నామమాత్రం. పోయిన డబ్బు కంటే, ఆ పెట్టెల్లో రెండు మీ అత్తయ్య అరవయ్యో పుట్టినరోజు కోసం అనుకున్నవి కావడం నన్ను ఎక్కువ బాధపెట్టింది. అందుకే చెబుతున్నాను: దశాబ్దాలుగా ఈ వ్యాపారంలో ఉన్నవారి దగ్గరే కొను, నాలుగు పౌండ్లు ఎక్కువైనా సరే. బోర్డోలో తమకు ఆ సరుకు ఖాయమైనట్టు రాతపూర్వకంగా ఇవ్వమని అడుగు. వచ్చాక పెట్టెలు వర్తకుడి ఉమ్మడి నిల్వలో కాక, గిడ్డంగిలో నీ పేరున ఉన్న ఖాతాలో చేరాలని షరతు పెట్టు. క్రెడిట్ కార్డుతోనే చెల్లించు. ఒక వస్తువు ధర 100 పౌండ్లకు మించి 30,000 పౌండ్ల లోపు ఉంటే, అమ్మినవాడు మాట తప్పినప్పుడు కార్డు కంపెనీకి కూడా బాధ్యత ఉంటుందని ఇక్కడి 1974 నాటి వినియోగదారుల రుణ చట్టం చెబుతోంది. బ్యాంకు బదిలీ చేసిన నాకు ఆ దారి కూడా లేకపోయింది.

పట్టీలో ‘ఇన్ బాండ్’ అని ఉన్నది పన్నులు కలపని ధర, పూర్తి ధర కాదు. గిడ్డంగి నుంచి బయటికి తీసుకునే రోజున ఎక్సైజ్ సుంకం, దానితో కలిపిన విలువపై 20 శాతం వ్యాట్ కట్టాలి. అంతవరకు ఏటా పెట్టెకు ఇంత అని అద్దె ఉంటుంది. ఇరవై ఏళ్ల అద్దెను ఇప్పుడే కలిపి చూసుకో. ఇంట్లో మెట్ల కింద దాచే ఆలోచన మానుకో. 12, 13 డిగ్రీల స్థిరమైన చల్లదనం, బిరడా ఎండిపోనంత తేమ, చీకటి ఉండాలి. విజయవాడకు తీసుకెళ్లి అమ్మానాన్నల దగ్గర ఉంచుతానన్నావు, అది అసలే వద్దు. మే నెల ఎండ సంగతి నీకు చెప్పనక్కరలేదు. విమానంలో సుంకం లేకుండా తీసుకెళ్లగలిగేది మనిషికి 2 లీటర్లే. తాతయ్య, నానమ్మలు ఇక్కడికి వచ్చి పాప పక్కన కూర్చోవడమే మేలు.

ఎంపిక విషయంలో, ఇరవై ఏళ్లు నిలవాలంటే కాబెర్నే సొవీన్యాన్ అనే ద్రాక్ష రకం ఎక్కువగా ఉండే, నదికి ఎడమ గట్టున ఉన్న ఊళ్లు, అంటే పోయాక్, సాన్ జూలియన్, సాంతెస్తెఫ్, వీటిలో, మేటి షాతోలకు శ్రేణులు ఇచ్చిన 1855 వర్గీకరణకు చెందిన షాతోలు చూడు. మెర్లో రకం ద్రాక్ష ప్రధానమైన కుడి గట్టు పోమెరోల్, సాంతెమిలియోన్‌లలోనూ దీర్ఘకాలం నిలిచేవి ఉన్నాయి కానీ, మొదటిసారికి నా మనసు ఎడమ గట్టు మీదే. షాతో లాతూర్ కోసం వెతకకు. వారు 2012లోనే ఈ పద్ధతి నుంచి తప్పుకున్నారు, మాగాకే అమ్ముతున్నారు. చిన్న షాతోల వైన్ సీసాలోకి వచ్చాక దాదాపు అదే ధరకు దొరుకుతుంది కనుక దానికి ముందే డబ్బు కట్టకు. నీకు మూడు మాగ్నమ్‌లు చాలు: ఒకటి పదిహేనో ఏట మీరిద్దరూ తెరిచి ఎలా మాగుతోందో చూడటానికి, ఒకటి ఇరవై ఒకటో ఏడు వచ్చిన ఆ రోజుకు, ఒకటి పాప తనకు నచ్చినప్పుడు తెరుచుకోవడానికి.

ఆ ధరల పట్టీ, దాని వెనకనున్న షరతులు రెండూ స్కాన్ చేసి ఆదివారం లోపు నాకు పంపు. సరుకు ఎవరి పేరున నిల్వ ఉంటుందో రాసిన వాక్యం నేను చదివేదాకా కార్డు వివరాలు ఇవ్వకు.

ఇట్లు,
మీ మామయ్య